హీత్‌కిట్ డీఎక్స్-60: వేడెక్కితే ప్లేట్ కరెంట్ పెరగడం, నాకు ఎలా తగ్గిందంటే

అమెరికాలోని జెనియాలో జరిగే హామ్ రేడియో మేళా హామ్‌వెన్షన్ ఫ్లీ మార్కెట్‌లో కొన్న డీఎక్స్-60 నాది, 1960ల నాటి ట్యూబ్ హామ్ రేడియో ట్రాన్స్‌మిటర్. చల్లగా ఉన్నప్పుడు బంగారంలా పనిచేసేది, పది నిమిషాలయ్యాక ప్లేట్ కరెంట్ (అవుట్‌పుట్ ట్యూబ్ లాగే కరెంట్) మెల్లగా పైకి పాకేది, డిప్ (ట్యూన్ చేసేటప్పుడు ఆ కరెంట్ బాగా తగ్గే చోటు) సరిగ్గా దొరికేది కాదు. 6146 అవుట్‌పుట్ ట్యూబ్ మార్చా, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ మార్చా, సాకెట్ కడిగా, ఏం తేడా లేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా అని చూసుకున్నా (లోపల ఆరేడు వందల వోల్ట్‌లు ఉంటాయండి, ఈ పని మాత్రం దయచేసి వదలొద్దు). తర్వాత 6146 తీసేశా, ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ కూడా తీసేశా, ఎందుకంటే ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) ఉంటే డిజిటల్ మీటర్ తప్పు చూపిస్తుంది. మీటర్‌ని క్లిప్‌తో 6146 సాకెట్‌లోని గ్రిడ్ పిన్‌కి (ప్లేట్ కరెంట్‌ని అదుపుచేసేది గ్రిడ్డే, దాని మీద ప్లస్ వస్తే కరెంట్ పెరుగుతుంది) ముందే తగిలించి, చేతులు బయటపెట్టి, పవర్ ఇచ్చి మోర్స్ కీ నొక్కి ఉంచా. మొదట్లో ఏమీ లేదు, వేడెక్కేకొద్దీ ప్లస్ వోల్టేజ్ రావడం మొదలైంది! ట్యూబే లేనప్పుడు గ్రిడ్ మీదికి ప్లస్ ఎక్కడినుంచి వస్తుంది, డ్రైవర్ (6146కి ముందుండే ట్యూబ్) ప్లేట్ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీక్ అవ్వాల్సిందే. అదే విలువలో 1000 వోల్ట్‌ల సిల్వర్ మైకా కెపాసిటర్ వేశా, గంటసేపు కరెంట్ కదల్లేదు, ఆ రాత్రి 40 మీటర్ల బ్యాండ్‌లో హాయిగా సీడబ్ల్యూ (మోర్స్) చేశా.

మీ సెట్‌లోనూ ఇదే అని చెప్పలేను. ట్యూబ్ తీసినప్పుడు ప్లస్ రాకపోతే కెపాసిటర్ మీద అనుమానం తగ్గించి ట్యూబ్‌నే చూడండి, గ్రిడ్ ఎమిషన్ (వేడికి గ్రిడ్డే ఎలక్ట్రాన్‌లు వదలడం) ఉన్న 6146 కూడా అచ్చం ఇలాగే చేస్తుంది.