ఇంజినీరింగ్ విద్యార్థి మేనేజ్‌మెంట్ సూత్రాలను పనిలో పెట్టి నేర్చుకునే పద్ధతి

అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో చదివేవారికి మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్), మేనేజ్‌మెంట్ సైన్స్ అనే సబ్జెక్టుల పేర్లు కొత్తవి కావు. అయినా చాలామంది పరీక్షకు ముందు రెండు రాత్రులు కూర్చుని, హెన్రీ ఫేయోల్ చెప్పిన 14 మేనేజ్‌మెంట్ సూత్రాలను వరుసగా కంఠస్థం చేసి, పాసయ్యాక మరిచిపోతారు. ఫేయోల్ స్వయంగా గనుల ఇంజినీరు. ఫ్రాన్సులో చితికిపోతున్న ఒక గనుల కంపెనీని నిలబెట్టిన తరువాత, ఆ అనుభవాన్నే సూత్రాలుగా మార్చి 1916లో ప్రచురించాడు. సైంటిఫిక్ మేనేజ్‌మెంట్‌కు ఆద్యుడైన టేలర్ కూడా ఉక్కు కర్మాగారంలో పనిచేసిన ఇంజినీరే. పనిని చూసి వారు సూత్రం రాశారు కనుక, ఆ సూత్రాన్ని పట్టుకుని మనం మళ్ళీ పని దగ్గరికే వెళ్ళాలి.

మొదట బ్రేక్ ఈవెన్ లెక్కను, అంటే లాభమూ నష్టమూ లేకుండా ఉండాలంటే ఎంత అమ్మాలో చెప్పే లెక్కను తీసుకోండి. కాలేజీ దగ్గర ఉగ్గాని, బజ్జీ అమ్మే బండికి పొద్దుటి రద్దీ తగ్గాక వెళ్ళి, తిన్న తరువాత, "అన్నా, దినానికి ఎన్ని ప్లేట్లు పోతాయి? గ్యాసు సిలిండరు ఎన్ని దినాలొస్తుంది?" అని మర్యాదగా అడగండి. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి. చెప్పడానికి ఇష్టపడని అంకెలను గుచ్చి గుచ్చి అడగవద్దు. బొరుగులు, ఎర్రగడ్డలు, నూనె, గ్యాసు ప్లేట్ల సంఖ్యను బట్టి పెరిగే ఖర్చులు. స్థలం అద్దె, సహాయకుడి కూలి ఒక్క ప్లేటు అమ్ముడుపోకపోయినా పెట్టవలసిన ఖర్చులు. ఉదాహరణకు ప్లేటు ధర 30 రూపాయలు, దాని మీద పెరిగే ఖర్చు 18 రూపాయలు, రోజువారీ స్థిర ఖర్చు 600 రూపాయలు అనుకుంటే, ప్లేటుకు మిగిలే 12తో 600ను భాగించగా 50 ప్లేట్లు వస్తాయి. పుస్తకంలోని లెక్క ఇక్కడితో ముగుస్తుంది. అయితే తెల్లవారుజామునే లేచి పొయ్యి ముందు నిలబడే యజమాని కష్టం ఈ 600లో ఉందా? ఆయన అదే సమయంలో వేరేచోట పనికి పోతే వచ్చే కూలి 480 రూపాయలు అనుకుని దాన్నీ కలిపితే, 90 ప్లేట్లు అమ్మితే తప్ప ఆ బండి నిజంగా గిట్టుబాటు కాదు. ఇలా ఒక పని కోసం వదులుకున్న రాబడినే అవకాశ వ్యయం అంటారు. ఆ మాటను నిర్వచనంగా పదిసార్లు చదివినా రాని స్పష్టత, ఈ ఒక్క లెక్కలో వస్తుందని నా నమ్మకం. ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద గీసి, బొరుగుల ధర పెరిగితే గీతలు ఎక్కడ కలుస్తాయో కూడా చూడండి.

ఫేయోల్ సూత్రాలకు కాలేజీ టెక్నికల్ ఫెస్టు మంచి చోటు. ఒకే వాలంటీరుకు వేదిక చూసే సీనియరు ఒక పని, భోజనాలు చూసే సీనియరు మరో పని చెబితే రెండూ సగంలో ఆగుతాయి. ఒక మనిషికి ఒకరే ఆజ్ఞ ఇవ్వాలన్నది యూనిటీ ఆఫ్ కమాండ్. ఒకే లక్ష్యం ఉన్న పనులన్నీ ఒక నాయకుడి కింద, ఒక ప్రణాళిక ప్రకారం సాగాలన్నది యూనిటీ ఆఫ్ డైరెక్షన్. పరీక్షలో ఈ రెండింటినీ కలిపేసేవారే ఎక్కువ. మొదటిది మనిషికి, రెండవది పనికి సంబంధించినదని గుర్తుంచుకుంటే చాలు.

ఒక ప్రాజెక్టులోని పనులకు పట్టే సమయాన్ని, వాటి వరుసను లెక్కవేయడానికి 1950ల చివర అమెరికాలో రూపుదిద్దుకున్న పెర్ట్, సీపీఎం (క్రిటికల్ పాత్ మెథడ్) పద్ధతులను ఫైనలియర్ ప్రాజెక్టుకు వాడండి. బెంగళూరు నుంచి సెన్సరు రావడానికి త్వరగా అయితే 3 రోజులు, మామూలుగా 5, ఆలస్యమైతే 13 అనుకుందాం. మామూలు అంచనాను నాలుగుతో గుణించి, మిగిలిన రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 6 రోజులు వస్తుంది. ఇలా ప్రతి పనికీ వేసి, ఏది ముగిస్తే ఏది మొదలవుతుందో బాణాలతో గీసి, మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టే దారిని ఎర్ర సిరాతో దిద్దండి. ప్రాజెక్టు ముగిసే తేదీని నిర్ణయించేది ఆ దారే కనుక, దాని మీద ఉన్న పనులను జట్టులో మాట నిలబెట్టుకునేవారికి అప్పగించి, ప్రతి శనివారం అసలు పట్టిన రోజులను అంచనా పక్కనే రాయండి.