ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌లో పేజింగ్ ఫైల్ సైజు ఎలా సెట్ చేయాలి?

పేజింగ్ ఫైల్ అంటే ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్. దాని సైజు సెట్ చేయడానికి అడ్మిన్ లాగిన్, సి డ్రైవ్‌లో ఖాళీ, రీస్టార్ట్‌కు టైమ్ ఉంటే చాలు. ఆఫీసు వేళల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. సర్వర్ డీఏజీలో (మెయిల్ డేటాబేస్‌ల కాపీలు ఉంచుకునే సర్వర్ల గుంపులో) ఉంటే ముందు మెయింటెనెన్స్ మోడ్‌లోకి పంపండి. వర్చువల్ మెషీన్ అయితే డైనమిక్ మెమరీ, అంటే అవసరాన్ని బట్టి ర్యామ్‌ను పెంచి తగ్గించే సెట్టింగ్, ఆపేయండి. ఎక్స్ఛేంజ్‌కు దాని సపోర్ట్ ఎలాగూ లేదు.

తర్వాత ఎక్స్ఛేంజ్ వెర్షన్ చూడండి. 15.1తో మొదలైతే 2016. 15.2 అయితే 2019 లేదా సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్.

అందరూ బోల్తా పడేది ఆ తర్వాతి లెక్కలోనే. 2016కు ర్యామ్ సైజుకు 10 ఎంబీ కలపాలి, ర్యామ్ 32 జీబీ దాటితే 32,778 ఎంబీ దగ్గర ఆగిపోవాలి. 2019 నుంచి రూల్ మారింది. ర్యామ్‌లో 25 శాతం ఇవ్వాలి. అయినా పాత అంకెనే కళ్లు మూసుకుని కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. 128 జీబీ సర్వర్‌లో కొత్త లెక్క ప్రకారం 32,768 వస్తుంది, పాతదానికి తేడా 10 ఎంబీయే. అందుకే ఆ తప్పు బయటపడదు. అదే 256 జీబీ సర్వర్‌కు 65,536 కావాలి. 64 జీబీ ఉన్న చోట 16,384 చాలు.

‘ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు’ అనే పాత సూత్రాన్ని దయచేసి మర్చిపోండి. 128 జీబీకి అది 192 జీబీ అవుతుంది. సి డ్రైవ్ నిండిపోతుంది. ఎక్స్ఛేంజ్‌ను సి డ్రైవ్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, క్యూ డేటాబేస్‌ను (డెలివరీ కోసం వరుసలో ఉన్న మెయిల్స్ దాచే ఫైల్‌ను) వేరే చోటికి మార్చకపోతే అదీ అక్కడే ఉంటుంది. డిస్క్‌లో చోటు తగ్గగానే బ్యాక్ ప్రెషర్ మొదలై, అంటే ఎక్స్ఛేంజ్ కొత్త మెయిల్స్ తీసుకోవడం ఆపేసి, పంపేవాళ్లకు ‘452 4.3.1’ ఎర్రర్ వెళ్తుంది. మెయిల్స్ రావట్లేదని ఫోన్లు మొదలవుతాయి. మనవాళ్లు ఫైర్‌వాల్ అంతా వెతుకుతారు గానీ, డిస్క్ వైపు చూడరు.

ఇంత ర్యామ్ ఉండగా పేజింగ్ ఫైల్ ఎందుకని పూర్తిగా తీసేసేవాళ్లూ ఉన్నారు. ప్రోగ్రాములకు విండోస్ హామీ ఇవ్వగలిగే మెమరీ అంటే ర్యామ్, పేజింగ్ ఫైల్ రెండూ కలిపిన మొత్తం. ఫైల్ తీసేస్తే ఆ హద్దు తగ్గిపోతుంది. విండోస్‌కే వదిలేయడం కూడా నేను ఒప్పుకోను. మెమరీకి కటకట వచ్చినప్పుడే అది ఫైల్‌ను పెంచడం మొదలుపెడుతుంది, సర్వర్ అప్పటికే ఇబ్బందిలో ఉంటుంది. అందుకే ఇనిషియల్, మాగ్జిమం రెండింటిలోనూ ఒకే అంకె ఉండాలి.

మిగతాది తేలిక. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్ నొక్కండి. పైనున్న ఆటోమేటిక్ టిక్కు తీసేయండి. సి డ్రైవ్ ఎంచుకుని, కస్టమ్ సైజ్‌లో రెండు గడులూ నింపండి. అక్కడ అడిగేది ఎంబీల్లో. 32 జీబీ అనుకుని 32 కొడితే 32 ఎంబీయే అవుతుంది. తర్వాత ‘సెట్’ నొక్కండి, ఆ తర్వాతే ‘ఓకే’. సెట్ నొక్కకుండా బయటికొస్తే పాత సైజే ఉండిపోతుంది.

రీస్టార్ట్ అయ్యాక అదే విండో తెరిచి, ఇప్పుడు కేటాయించిన సైజు చూడండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల హెల్త్ చెకర్ స్క్రిప్ట్ కూడా నడపండి. పేజ్‌ఫైల్ దగ్గర హెచ్చరిక లేకపోతే సర్వర్‌ను మెయింటెనెన్స్ నుంచి బయటికి తీయండి. తర్వాత ఎప్పుడు ర్యామ్ పెంచినా, ఆ రోజే మీ వెర్షన్‌కు తగ్గ లెక్క మళ్లీ వేయండి.