రూమ్ ఖాళీ అని నంబర్ పెట్టారా? ఒకసారి వెతికి చూడండి

బెంగళూరులో రూమ్‌మేట్ కోసం వెతికే మనవాళ్లు, ముఖ్యంగా ఒంటరిగా ఉండే ఆడపిల్లలు, ఈ ఒక్క పని చేయండి. మీ ఫోన్ నంబర్‌ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. ఐదు అంకెల తర్వాత ఖాళీ వదిలి మరోసారి వెతకండి.

మారతహళ్లిలో ఉన్నప్పుడు నేను పెట్టిన ప్రకటన రెండేళ్ల తర్వాత కూడా అలాగే కనిపించింది. నంబర్, వీధి, పీజీ పేరు, అన్నీ! చూడగానే భయమేసింది. రూమ్‌మేట్ దొరికిన రోజే తీసేయాల్సింది.

నంబర్ తెలిస్తే మిగతాది ఎంతసేపు? యూపీఐ యాప్‌లో కొడితే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు వచ్చేస్తుంది. వాట్సాప్‌లో ఫొటో కనిపిస్తుంది, అందుకే అది ఎవరికి కనిపించాలనే సెట్టింగ్‌ని 'మై కాంటాక్ట్స్'కి మార్చుకోండి. ఫోన్ చేసేవాళ్ల పేరు చూపించే ట్రూకాలర్ యాప్‌లో మీరు ఎప్పుడూ చేరకపోయినా, ఎవరి ఫోన్‌లోంచో మీ పేరు అక్కడికి చేరి ఉండొచ్చు. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ నంబర్‌ని అన్‌లిస్ట్ చేసుకోవచ్చు, అంటే అక్కడి నుంచి తీసేయించుకోవచ్చు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. మీ యూపీఐ ఐడీ ఫోన్ నంబరుతోనే మొదలైతే, అది చూసినవాళ్లకి నంబర్ ఇచ్చేసినట్టే. చాలా యాప్‌లలో వేరే ఐడీ పెట్టుకునే వీలుంది.

పీజీ ఓనర్ ఆధార్ కాపీ అడిగితే ముందు మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి చూడండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.