జర్మన్ వేట కత్తులు – 3వ పాఠం: పాత కత్తిని చూడటం ఎలా?

గత రెండు పాఠాల్లో రకాలు చెప్పుకున్నాం. గాయపడ్డ జింకనో అడవిపందినో దగ్గర నుంచి పొడవడానికి నడుముకు కట్టుకున్న పొడవాటి హిర్ష్‌ఫెంగర్, కొమ్మలూ ఎముకలూ నరికే బరువైన వైడ్‌బ్లాట్, తోలు లాగు పక్కజేబులో ఇమిడే చిన్న యాగ్ట్‌నికర్, రంపమూ బిరడా తీసే మరా అన్నీ ఒకే పిడిలో మడిచి పెట్టిన జేబుచాకు. ఇవి గుర్తు లేకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి చదివి రండి. ఈ పాఠం నుంచి చేతిపని మొదలవుతుంది.

కత్తులకు పేరున్న జర్మన్ పట్టణం సోలింగెన్‌లో చేసిన ఒక పాత కత్తిని ఎవరైనా మీ చేతిలో పెడితే అది ఏ కాలందో, ఎంత వాడారో, తర్వాత ఎవరు పాడుచేశారో మీకు మీరే తేల్చుకోగలగాలి. ఈ పాఠం అందుకే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ముందు కంపెనీ ముద్ర కోసం వెతుకుతారు. నేను మాత్రం దాన్ని ఆకారం తర్వాతే చూడమంటాను. ముద్ర బాగుంటే కళ్లు మిగతా లోపాలను క్షమించేస్తాయి. మంచి పేరున్న కత్తిని సగం అరిగిపోయిన స్థితిలో పూర్తి ధర పెట్టి కొనేవాళ్లు అలాగే మోసపోతారు.

కిటికీ పక్కన వెలుతురులో కూర్చోండి. నగల పనివాళ్లు వాడే పది రెట్ల భూతద్దం, తెల్ల కాగితం, సన్నటి పెన్సిల్, స్కేలు, మెత్తటి పాత నూలుగుడ్డ చాలు. ఇసుక కాగితం, పాలిష్ లాంటివి ఈ పూట బల్ల మీద ఉండకూడదు. ఉంటే చెయ్యి అటే పోతుంది.

ముందు ఆకారం

కత్తిని కాగితం మీద పడుకోబెట్టి, అలుగు చుట్టూ పెన్సిల్‌తో గీయండి. తర్వాత అదే మోడల్ కొత్తగా ఉన్నప్పటి బొమ్మ పాత కేటలాగ్‌లో దొరికితే పక్కన పెట్టి పోల్చండి. దొరక్కపోయినా పర్వాలేదు, అరుగుదల తన గుర్తులు తనే చూపిస్తుంది.

పిడికి దగ్గర, వాదర (కోసే అంచు) మొదలయ్యే చోటును మనం మడమ అందాం. పదును పెట్టిన ప్రతిసారీ కొంచెం ఉక్కు పోతుంది. అది అంతటా సమానంగా పోదు. మడమ దగ్గర రాయి ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి అక్కడ వాదర లోపలికి వంగి పల్లం పడుతుంది. మొన దగ్గర మణికట్టు తిప్పడం చేతకాకపోతే మొన మొద్దుబారి గుండ్రంగా అయిపోతుంది. వెన్ను వైపు నుంచి చూడండి: మొన వెన్నుకు దగ్గరగా పైకి జరిగినట్టుంటే, అలుగు పొట్టలో, అంటే మొన దగ్గర వాదర వంపు తిరిగే భాగంలో, చాలా ఉక్కు పోయినట్టే.

నా దగ్గరున్న ఒక యాగ్ట్‌నికర్ సంగతి చెబుతాను. అలుగు సుమారు 10 సెంటీమీటర్లు. మొదటి చూపులో నిండుగా కనిపిస్తుంది. గీత గీసి చూస్తే మడమ దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్ల పల్లం. వాదర మధ్యలో, భూతద్దం పెడితే తప్ప కనిపించని రెండు చిన్న పళ్లు ఊడిన చోట్లు. అవి పక్కపక్కనే, ఒకే వైపుకు వంగి ఉన్నాయి. చెక్క మీద పడితే అలా రాదు. ఎముకకు ఆనించి కత్తిని మెలితిప్పితే అలా వస్తుంది.

ఆ గుర్తు ఎందుకొచ్చిందో తెలియాలంటే పని తెలియాలి. జర్మనీలో వేటాడిన జంతువు మాంసం తినడానికే. జంతువు పడిపోగానే పేగులు తీసి ఒంటి వేడి దిగేలా చెయ్యకపోతే మాంసం పాడవుతుంది. ఆ పని అడవిలోనే, చాలాసార్లు చీకట్లో, టార్చి వెలుగులో జరుగుతుంది. అక్కడ ఎక్కువగా దొరికే చిన్న రో జింక బరువు 20 కిలోలకు అటూ ఇటూ. దాని పొట్ట తెరవడానికి పది సెంటీమీటర్ల కత్తి ఎక్కువే. కటి ఎముకను విడదీసే చోట మాత్రం ఓపిక లేనివాడు రంపం తీయకుండా కత్తినే మెలితిప్పుతాడు. నా కత్తి మీద ఆ రెండు గుర్తులు అలా పడ్డవే. అదే మొన విరిగి ఉంటే ఎవరో దాన్ని స్క్రూడ్రైవర్‌లా వాడారని అనుకోవచ్చు. ఈ రెండింటిలో నేను మొదటిదాన్ని సంతోషంగా కొంటాను. తన పని చేసిన కత్తి అది.

మొదటి కత్తిగా ఏది కొనాలి అని చాలామంది అడుగుతుంటారు. ప్యూమా కంపెనీ 1950లలో ఆఫ్రికా వేటగాళ్ల కోసం తెచ్చిన వైట్ హంటర్ పేరే ముందు వినిపిస్తుంది. మోడల్ నంబరు 6377, అలుగు సుమారు 6 అంగుళాలు, మందంగా, బరువుగా ఉంటుంది. సేకరణలో ఉండదగ్గ కత్తే, కాదనను. కానీ నేర్చుకోవడానికి అది సరైంది కాదు. వాటిలో చాలా భాగం పెట్టెలోంచి బయటికే రాలేదు. వాడకం గుర్తులే లేనప్పుడు వాటిని చూసి ఏం నేర్చుకుంటాం? ఖరీదు లేని, బాగా వాడిన ఒక యాగ్ట్‌నికర్ కొనుక్కోండి.

ఇప్పుడు ముద్ర

సోలింగెన్ పట్టణం వుప్పర్ నది ఒడ్డున ఉంది. ఆ నది నీటితో తిరిగే సానరాళ్ల పాకల్లో తరతరాలుగా కత్తులకు సాన పట్టారు. బాల్క్‌హౌజర్ కోటెన్, విప్పర్‌కోటెన్ అనే రెండు పాకలు ఇప్పటికీ చూడొచ్చు. గ్రెఫ్రాట్ పేటలో జర్మన్ కత్తుల మ్యూజియం ఉంది. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్ వైపు ఉండే మనవాళ్లు ఒక ఆదివారం వెళ్లి రావచ్చు. అద్దాల వెనక ఉన్న హిర్ష్‌ఫెంగర్లను తీరిగ్గా చూస్తే కొలతలు కంటికి అలవాటవుతాయి.

కాలం తేల్చడానికి మూడు నాలుగు ఆధారాలు గట్టివి. 1887లో బ్రిటన్ ఒక చట్టం చేసి, విదేశీ సరుకు మీద ఏ దేశానిదో ముద్ర ఉండాలంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తుల వాళ్లు సోలింగెన్ సరుకు తమ పేరుతో అమ్ముడుపోతోందని పెట్టిన గోల దీనికి ఒక కారణం. అందువల్ల 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉన్న కత్తి సాధారణంగా ఆ తర్వాతిదే. డి.ఆర్.జి.ఎం. అనే నాలుగక్షరాలు ఉంటే 1891 తర్వాత, రెండో ప్రపంచయుద్ధం ముగిసేలోపు నమోదైన డిజైన్ అని అర్థం. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. 'రోస్ట్‌ఫ్రై' అంటే స్టెయిన్‌లెస్. 'సోలింగెన్' అన్న పేరుకు 1938 నుంచి చట్టరక్షణ ఉంది. ముఖ్యమైన పనులన్నీ ఆ ప్రాంతంలోనే జరిగిన సరుకు మీద తప్ప ఆ పేరు కొట్టకూడదు. అయితే ఒకటి గుర్తుంచుకోండి: దేశం పేరు లేనంత మాత్రాన కత్తి 1887కు ముందుది అయిపోదు. ఊళ్లో అమ్ముకునే సరుకు మీద ఆ పేరు కొట్టాల్సిన పని లేదు.

ప్యూమా కత్తుల్లో ఇంకో సౌకర్యం ఉంది. 1964 నుంచి చేతిఅడ్డు (పిడికీ అలుగుకీ మధ్య వేళ్లు జారకుండా ఆపే లోహపు ముక్క) మీద ఒక అంకె కొట్టేవాళ్లు. సేకర్తల దగ్గర ఉండే పట్టికతో పోలిస్తే ఆ కత్తి ఏ సంవత్సరంలో, ఏ మూడు నెలల్లో తయారైందో తెలుస్తుంది. అలుగు మీద ఒక చిన్న గుంట కూడా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని దెబ్బ అనుకుని అరగదీసేస్తారు. దయచేసి ముట్టుకోకండి. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ యంత్రంతో పరీక్షించినప్పుడు పడే గుర్తు అది, పరీక్ష జరిగిందనడానికి సాక్ష్యం.

హెంకెల్స్ కంపెనీ జంట మనుషుల గుర్తు 1731 నాటిది. బోకర్ కంపెనీది చెట్టు. 1932లో మొదలైన హుబెర్టుస్ కంపెనీ వేటగాళ్లు కొలిచే సెయింట్ హుబెర్టుస్ పేరు పెట్టుకుంది. ఆయన పండుగ నవంబర్ 3న అక్కడి వేటగాళ్లు ఇప్పటికీ జరుపుకుంటారు. లిండర్ కంపెనీ 1887 నుంచి ఉంది. వీటిలో ఏదైనా మొదటి కత్తికి మంచిదే.

దొంగముద్రలను పట్టుకోవడం కష్టం కాదు. అచ్చు కొట్టిన ముద్ర అలుగు గట్టిపడక ముందు పడుతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి పడ్డ గీతలు దాని మీదుగా పోతాయి. భూతద్దంలో అక్షరాల అంచులు చూడండి. చుట్టూ ఉన్న పాత గీతలన్నీ అక్షరాల దగ్గరకు రాగానే తెగిపోయి, అక్షరాలు మాత్రం పదునుగా మెరుస్తుంటే ఆ ముద్ర కత్తి కంటే వయసులో చిన్నది.

పిడి: మన అడవి కొమ్ము

జర్మన్ కత్తి పిడికీ మనకూ నిజమైన చుట్టరికం ఉంది. మంచి కత్తులకు తరాలుగా వాడింది మన కణుజు కొమ్మునే. సాంబార్ అని పిలిచే ఈ పెద్ద జింక నల్లమలలోనూ తిరుగుతుంది. యూరప్ ఎర్రజింక కొమ్ము లోపల గుల్లగా, స్పాంజిలా ఉంటుంది. కణుజు కొమ్ములో ఆ గుల్ల భాగం తక్కువ, గట్టి గోడ ఎక్కువ. అందుకే సన్నగా కోసి రేకులుగా రెండు పక్కలా బిగించినా విరగదు, చెమట పట్టిన చేతిలో జారదు. కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. రాలిన కొమ్ములే ఈ వ్యాపారానికి ఆధారంగా ఉండేవి. భారత్ నుంచి ఎగుమతి ఆగిపోయాక పాత కణుజు పిడి కత్తులకు గిరాకీ ఇంకా పెరిగింది.

పిడి చివరను భూతద్దంలో చూడండి. నడిమధ్య సన్నటి రంధ్రాలు, వాటి చుట్టూ దట్టమైన లేత రంగు వలయం కనిపిస్తే అసలు కొమ్ము. తర్వాత రెండు పక్కల రేకుల మీది గాడులను పోల్చండి. ప్రకృతిలో ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవు. రెండు వైపులా అవే మెలికలు, అవే చోట్ల కనిపిస్తే అచ్చు పోసిన ప్లాస్టిక్. సూది వేడి చేసి గుచ్చి చూడమని కొందరు చెబుతారు. వద్దు, అసలుదైతే దాన్ని మీరే పాడుచేసినవాళ్లవుతారు.

చేతిఅడ్డు తరచుగా జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. మన ఇళ్లలో పూజసామానుగా పరిచయమైన పేరే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, వెండి ఏమీ ఉండదు. అడ్డూ కొమ్మూ కలిసే చోట గోరు ఆడించండి. గోరు ఇరుక్కుంటే కొమ్ము ఎండి కుంచించుకుపోయింది. వెంట్రుకవాసి సందు పర్వాలేదు. పిడి కదిలితే మాత్రం ధర తగ్గించమని అడగండి.

ఒర, తుప్పు, నూనె

తోలు ఒర అందంగా ఉంటుంది, కానీ కత్తిని అందులో పెట్టి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధి చేయడానికి వాడిన పదార్థాలు ఉక్కును తింటాయి, జర్మన్ సిల్వర్ మీద పచ్చటి చిలుము పట్టిస్తాయి. కత్తినీ ఒరనూ పక్కపక్కనే విడిగా ఉంచండి. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఈ మాట రెట్టింపు గట్టిగా పట్టించుకోండి. సముద్రపు గాలికి రాయితీలు తెలియవు.

అలుగు మీద బూడిద, నీలి ఛాయ పట్టి ఉంటే అది తుప్పు కాదు. పాత కార్బన్ ఉక్కు వయసుతో తెచ్చుకున్న రంగు, లోపలి ఉక్కుకు కొంత కాపు కూడా. దాన్ని వదిలేయండి. వేలు పెడితే ఎర్రపొడి అంటుకుంటే అప్పుడే పని చెయ్యాలి. ఆ చోట నూనె చుక్క వేసి ఒక రోజు వదిలేసి, వెదురుపుల్లను పదునుగా చెక్కి మెల్లగా గీకండి. రెండు మూడు సార్లు పడుతుంది. జర్మన్ వేటగాళ్ల ఇళ్లలో 1904 నుంచి ఉన్న బాలిస్టాల్ నూనె దీనికి బాగా పనికొస్తుంది. అది దొరకని చోట కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు మక్కిపోయి జిగటగా తయారవుతుంది. ఇత్తడి తోమినట్టు చింతపండు అసలే వద్దు, ఆ పులుపు ఉక్కును తినేస్తుంది.

మిషన్ మీద బఫింగ్ చేయించడం అన్నిటికంటే పెద్ద నష్టం. ముద్ర చెరిగిపోతుంది, గీతల చరిత్ర పోతుంది. పైగా వాదర వేడెక్కి నీలిరంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటినట్టే, అక్కడ ఉక్కు మెత్తబడిపోతుంది. ఎంత పదును పెట్టినా నిలవదు. మెరుస్తున్న పాత కత్తిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

చట్టం సంగతి

జర్మనీలో వేటకు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. 12 సెంటీమీటర్లు దాటిన, మడవని కత్తిని సరైన కారణం లేకుండా బయట పట్టుకు తిరగకూడదు. వేట అలాంటి కారణమే, ఊరికే షికారు కాదు. పాత సామాన్ల సంతలో కొన్న కత్తిని తాళం వేసిన పెట్టెలో ఇంటికి తీసుకెళ్లండి. ఇండియాలో వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తుల మాట వేరుగా ఉంది, హిర్ష్‌ఫెంగర్ తెచ్చుకోవాలనుకుంటే ముందు అది చదవాలి. కొమ్ము పిడి ఉన్న దేన్నైనా ఇండియాకు తెచ్చే ముందు అటవీశాఖనూ, కస్టమ్స్‌నూ రాతపూర్వకంగా అడగండి. ముచ్చటపడి కొన్నది విమానాశ్రయంలో వదులుకోవాల్సిన టెన్షన్ ఎందుకు?

ఈ పాఠం అభ్యాసం

వేట కత్తి లేకపోతే మీ వంటింట్లోని పాత చాకు తీసుకోండి. కాగితం మీద ఆకారం గీసి, మడమ పల్లాన్ని స్కేలుతో కొలిచి రాయండి. వాదరలో పళ్లు ఊడిన చోట్లు ఎన్ని, ఏ వైపు వంగాయో గుర్తించండి. వాటికి కారణం ఊహించి, ఆ చాకు వాడేవాళ్లను అడిగి సరిచూసుకోండి. తర్వాత అమ్మకానికి పెట్టిన ఏదైనా యాగ్ట్‌నికర్ ఫోటోల్లో పిడి చివర, మడమ, ముద్ర దగ్గరగా కనిపించే మూడు ఫోటోలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అమ్మేవాళ్లను ఆ మూడూ అడగండి. ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి.

4వ పాఠంలో సానరాయి పని. 1000, 3000 నంబర్ల రాళ్లు రెండూ సిద్ధం చేసుకోండి. మీరు గీసిన కాగితం కూడా దాచుకోండి, ఆ పల్లాన్ని ఇంకా లోతు చెయ్యకుండా వాదర ఎలా తీయాలో దాని మీదే చూపిస్తాను.