మాస్టొడాన్‌లో కొత్తగా చేరుతున్నారా? సర్వర్ బతికుండగానే ఈ పని చేసుకోండి

మొన్న మా తెలుగు మిత్రుల్లో ఒకావిడ అందరికీ ఫోన్ చేసి ఒకటే అడిగారు: "నాకు మాస్టొడాన్ తెరుచుకోవడం లేదండీ, మీకు వస్తోందా?" మాకు వస్తోంది. ఆవిడకు రావడం లేదు. తప్పు ఫోన్‌దీ కాదు, నెట్‌దీ కాదు. మాస్టొడాన్ ఒక సోషల్ నెట్‌వర్క్, కానీ ఒక్క కంపెనీది కాదు. ఎవరికి వారు విడివిడిగా నడిపే సర్వర్లన్నీ కలిస్తే అది. మన ఖాతా వాటిలో ఏదో ఒకదాంట్లో ఉంటుంది. ఆవిడ ఖాతా ఉన్న చిన్న సర్వర్‌ను నడిపే మనిషి దాన్ని ఆపేశాడు. ఆపేస్తున్నట్టు సర్వర్ మొదటి పేజీలో రాశాడట. ఆవిడ ఎప్పుడూ యాప్‌లోనే చూస్తారు, ఆ పేజీకి వెళ్లింది లేదు. కొల్లేరు పక్షుల ఫొటోలు ఇంకా ఫోన్‌లో ఉన్నాయి. ఏ పిట్ట ఏ గట్టు మీద ఏ నెలలో కనబడిందో రాసుకున్న వివరాలు మాత్రం ఆ సర్వర్‌లోనే ఉండేవి. అవి పోయాయి. పరిచయమైన పక్షి ప్రేమికుల జాబితా కూడా పోయింది.

ఇలా జరగడం కొత్తేమీ కాదు. 2023 ఫిబ్రవరిలో మాస్టొడాన్.లాల్ అనే సర్వర్ నడిపే వ్యక్తి, గొడవలతో విసిగిపోయి మూసేస్తున్నానని ప్రకటించాడు. 2024 ఫిబ్రవరిలో క్వీర్.ఏఎఫ్ సర్వర్ కథ ఇంకా విచిత్రం. పేరు చివర ఉన్న ఏఎఫ్ అఫ్గానిస్తాన్‌కు చెందిన డొమైన్. అక్కడి తాలిబన్ ప్రభుత్వం ఆ పేరును నిలిపేసింది, సర్వర్ ఆ చిరునామాలో కనబడకుండా పోయింది.

యాప్ ఎలా దించుకోవాలో, ప్రొఫైల్ ఫొటో ఎలా పెట్టుకోవాలో నేను చెప్పను, అవి అరగంటలో మీకే వచ్చేస్తాయి. కొత్తవాళ్లను నిజంగా ముంచేది ఒకే ఒక్క తప్పు. సర్వర్ బాగా నడుస్తున్న రోజుల్లో తమ సమాచారాన్ని దించుకోకపోవడం. నేను చూసినంతలో అన్నీ పోగొట్టుకున్నవాళ్లందరూ చేసింది ఇదే.

ఎందుకు చేస్తారంటే, వికేంద్రీకృత నెట్‌వర్క్ అంటే ఎవరూ మూసేయలేనిది అని విని ధీమాగా ఉంటారు. 2024 జులైలో మన దేశపు సోషల్ మీడియా యాప్ కూ మూతపడినప్పుడు అందులో తెలుగులో రాసుకున్నవాళ్లందరికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఒక్క కంపెనీ, ఒక్క తలుపు. అందుకే ఈసారి ఎవరి సొంతమూ కాని చోటికి వెళ్దామని చాలామంది ఇటు వచ్చారు. రావడం మంచిదే, నేనూ రమ్మనే చెబుతాను. కానీ నెట్‌వర్క్ మొత్తాన్ని మూయడం ఎవరి వల్లా కాకపోయినా, మీ సర్వర్‌ను మూయడానికి ఒక్క మనిషి చాలు. అతనికి జబ్బు చేయవచ్చు, డబ్బు అయిపోవచ్చు, విసుగు పుట్టవచ్చు, డొమైన్ రెన్యువల్ మరిచిపోవచ్చు.

చేరే ముందు

మాస్టొడాన్‌లో మీ చిరునామా ఈమెయిల్‌లా ఉంటుంది: మీ పేరు, తర్వాత సర్వర్ పేరు. కాబట్టి ఏ సర్వర్ అన్నది ముఖ్యం. పేరు ముచ్చటగా ఉందనో, స్నేహితుడు లింకు పంపాడనో చేరిపోకండి. ఆ సర్వర్ "అబౌట్" పేజీ తెరిచి చూడండి. నడిపేది ఎవరు? ఒక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా? ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది? ఎన్నేళ్లుగా నడుస్తోంది? ఇవేవీ రాసి లేకపోతే వేరేది చూసుకోండి.

జాయిన్ మాస్టొడాన్ సైటులో సర్వర్ల జాబితా ఉంది. ఆ జాబితాలోకి రావాలంటే సర్వర్ నడిపేవాళ్లు కొన్ని మాటలు ఇవ్వాలి: రోజూ బ్యాకప్ తీస్తామని, అత్యవసరంలో సర్వర్‌ను చూసుకోగలిగినవాళ్లు కనీసం ఇద్దరు ఉంటారని, మూసేసే పరిస్థితి వస్తే కనీసం 3 నెలల ముందు చెబుతామని. మాట తప్పితే వాళ్లను కోర్టుకీడ్చే వీలేమీ ఉండదు. అయినా మాట ఇచ్చిన సర్వర్, ఇవ్వని సర్వర్ కంటే నయమే. ఎటూ తేలకపోతే మొదటి ఖాతా మాస్టొడాన్ సంస్థే నడిపే మాస్టొడాన్.సోషల్‌లో తెరవండి. తర్వాత మారవచ్చు.

చేరిన వారంలోపు

"తర్వాత మారవచ్చు" అన్నానే, అసలు చిక్కు అక్కడే. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మారే ఏర్పాటు మాస్టొడాన్‌లో ఉంది. ముందు కొత్త ఖాతాలోకి వెళ్లి, ఫలానా పాత ఖాతా నాదేనని రాయాలి. ఆ తర్వాత పాత ఖాతాలో లాగిన్ అయి, నేను ఫలానా చోటికి మారుతున్నానని పాస్‌వర్డ్ కొట్టి చెప్పాలి. అప్పుడు మీ ఫాలోయర్లు వాళ్లంతట వాళ్లే కొత్త ఖాతాకు వచ్చేస్తారు. రెండో అడుగు జరగాల్సింది పాత సర్వర్ మీద. పాత ఇంటి గుమ్మానికి కొత్త అడ్రసు చీటీ అంటించాలంటే ఆ ఇల్లు నిలబడి ఉండాలి కదా. సర్వర్ పోయాక మారడం అనేది ఉండదు. మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

మారినప్పుడు ఫాలోయర్లు వస్తారు గానీ పోస్టులు రావు. ఇది విని చాలామంది నిర్ఘాంతపోతారు. మీరు ఫాలో అవుతున్నవాళ్ల జాబితా కూడా తనంతట తాను రాదు, ఫైలుగా దించుకుని కొత్తచోట ఎక్కించాలి.

ఆ ఫైలు దించుకోవడమే నేను మొత్తుకుంటున్న పని. ఫోన్ యాప్‌లో వెతికి కాలం వృథా చేసుకోకండి, బ్రౌజర్‌లో మీ సర్వర్ తెరిచి లాగిన్ అవ్వండి. ప్రిఫరెన్సెస్‌లోకి వెళితే "ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్" అని ఉంటుంది. అక్కడ ఫాలోస్, లిస్టులు, మ్యూట్‌లు, బ్లాక్‌లు, బుక్‌మార్క్‌లు ఒక్కోటీ ఒక్కో సీఎస్‌వీ ఫైలుగా, అంటే జాబితా ఉండే మామూలు ఫైలుగా, వస్తాయి. చిన్న ఫైళ్లే, క్షణంలో దిగిపోతాయి. కిందనే మీ పోస్టులు, ఫొటోలు కలిపి ఆర్కైవ్ అడిగే బటన్ ఉంటుంది. నొక్కితే అప్పటికప్పుడు రాదు, తయారయ్యాక మెయిల్ వస్తుంది. 7 రోజులకు ఒకసారే అడగగలరు. అంటే సర్వర్ రేపు మూస్తారనగా ఈరోజు హడావిడిగా నొక్కితే అందకపోవచ్చు.

ఆ ఆర్కైవ్‌ను తీసుకెళ్లి కొత్త సర్వర్‌లో పోస్టులుగా పెట్టలేరు. అది మీ దగ్గర ఉండే నకలు మాత్రమే. కానీ కొల్లేరు గట్టు మీద పిట్ట గురించి రాసుకున్న నాలుగు మాటలు మిగిలేది ఆ నకలులోనే.

నెలకోసారి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. సర్వర్ బతికుండగానే దించుకోండి. సర్వర్ ఆగిపోయాక అడ్మిన్‌ను, అంటే దాన్ని నడిపే మనిషిని, మెయిల్‌లో బతిమాలినా, అతను మనసున్నవాడైనా, డేటా చెరిపేశాక చేయగలిగింది ఉండదు.

"ప్రైవేట్" అన్న మాట నమ్మి రాసేవాళ్లకు

ప్రైవేట్ మెన్షన్, అంటే మీరు పేర్కొన్నవాళ్లకే వెళ్లే మెసేజ్, పూర్తిగా రహస్యం కాదు. వాట్సాప్ తరహా ఎన్‌క్రిప్షన్ దానికి లేదు. మీ సర్వర్ నడిపేవాళ్లు, అవతలి వ్యక్తి సర్వర్ నడిపేవాళ్లు కావాలంటే చదవగలరు. 2023 మేలో అమెరికాలో కొలెక్టివా.సోషల్ సర్వర్ అడ్మిన్లలో ఒకరి ఇంటిమీద ఎఫ్‌బీఐ దాడి చేసింది. ఆ కేసుకూ సర్వర్‌కూ సంబంధం లేదు. కానీ పట్టుకెళ్లిన సామాన్లలో సర్వర్ డేటాబేస్ బ్యాకప్ ఒకటి, ఎన్‌క్రిప్ట్ చేయకుండా, ఉండిపోయింది. అందులో వాడుకదారుల మెయిల్ ఐడీలు, ప్రైవేట్ మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి.

ఇంకో ప్రమాదం రోజూ జరిగేది. ప్రైవేట్ మెన్షన్‌లో మీరిద్దరూ మాట్లాడుకుంటూ, మూడో మనిషి గురించి చెబుతూ అతని హ్యాండిల్ ముందు ఎట్ గుర్తు పెట్టి రాశారనుకోండి, ఆ మెసేజ్ నేరుగా అతనికీ వెళ్లిపోతుంది. "ఫలానా ఆయన దగ్గర డబ్బు విషయంలో జాగ్రత్త" అని ఇలా రాసి, ఆ ఫలానా ఆయన నుంచే జవాబు అందుకున్నవాళ్లున్నారు. ఎవరి గురించైనా రాసేటప్పుడు మామూలుగా పేరు రాయండి. ఎట్ గుర్తు వద్దు.

ఇక మిగతావి

ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు, ఇంటి అడ్రసు ఏ మెసేజ్‌లోనూ పెట్టొద్దు.

"మేం మీ సర్వర్ మోడరేటర్లం, ఖాతా వెరిఫై చేసుకోకపోతే తీసేస్తాం" అని మెసేజ్ వస్తే అందులోని లింకు నొక్కొద్దు. మీ సర్వర్ అబౌట్ పేజీలో ఉన్న అడ్మిన్ ఖాతాకు మీరే రాసి కనుక్కోండి.

పేరు పక్కన టిక్ చూసి నమ్మొద్దు. అది ఎవరైనా పెట్టుకోగల ఎమోజీ. ప్రొఫైల్‌లో ఆకుపచ్చగా కనబడే లింకుకు కొంత విలువ ఉంది, ఆ వెబ్‌సైట్ అతని చేతిలో ఉందని మాత్రం అది చెబుతుంది. మంచివాడని చెప్పదు.

రెండు దశల లాగిన్ పెట్టుకోండి. రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి దాచండి.

ఆఫీసు మెయిల్‌తో ఖాతా తెరవొద్దు. ఉద్యోగం మారిన రోజు ఆర్కైవ్ వచ్చే మెయిల్ కూడా మీది కాకుండా పోతుంది.

"ఫాలోయర్లకు మాత్రమే" అని పోస్టు పెడుతూ, అడిగిన ప్రతివాణ్నీ ఫాలోయర్‌గా రానిస్తే అది అందరికీ పెట్టినట్టే. ఫాలో అభ్యర్థనలు మీరే చూసి ఒప్పుకునేలా సెట్టింగ్ మార్చండి.

పిల్లల స్కూల్ యూనిఫాం ఫొటోలు వద్దు. మీరు డిలీట్ చేస్తే డిలీట్ చేయమన్న కబురు ఇతర సర్వర్లకు వెళుతుంది. ప్రతి సర్వర్ దాన్ని పాటిస్తుందన్న హామీ లేదు.

పెట్టుబడి, పార్ట్‌టైమ్ జాబ్ అంటూ పలకరించేవాళ్లను రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. డబ్బు పోయిందా, ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కోపంలో ఖాతా డిలీట్ చేయొద్దు. డిలీట్ చేసిన పేరు అదే సర్వర్‌లో మళ్లీ తీసుకోలేరు.

సర్వర్ మారాలనిపిస్తే బాగా ఆలోచించుకుని మారండి. ఒకసారి మారాక 30 రోజుల దాకా మళ్లీ మారడం కుదరదు.

ఫాలోస్ ఫైలు కొత్తచోట ఎక్కించేటప్పుడు "మర్జ్" ఎంచుకోండి. "ఓవర్‌రైట్" నొక్కితే అక్కడ అప్పటికే ఉన్న జాబితా పోతుంది.

సర్వర్ ప్రకటనలు చదవండి. యాప్‌లోనే ఉండిపోకుండా వారానికోసారైనా బ్రౌజర్‌లో మీ సర్వర్ మొదటి పేజీ చూడండి. అడ్మిన్ ఖాతాను ఫాలో అవ్వండి. సర్వర్ తరచూ ఆగిపోతోందంటే, అడ్మిన్ నెలల తరబడి పలకడం లేదంటే, మూసేస్తారేమో అన్న మాట వినబడిందంటే, ఆ పూటే దించుకోండి. ముందు సీఎస్‌వీలు, తర్వాత ఆర్కైవ్, ఆ తర్వాతే కొత్త సర్వర్ వెతుకులాట. దించిన ఫైలు తెరుచుకుంటోందో లేదో చూసి, ఫోన్‌లో కాకుండా ఇంకోచోట కూడా ఒక కాపీ పెట్టండి.