షుగర్ మిషన్ 7.2 చూపిస్తే

లండన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో పిల్లలు పంపిన షుగర్ మిషన్ 7.2 అంటుంది, హన్మకొండ ల్యాబ్ కాగితంలో 130 ఉంటుంది. ఏడే కదా, షుగర్ పడిపోయిందని పెద్దవాళ్లు బెల్లంముక్క నోట్లో వేసుకుంటారు. నిజానికి రెండూ ఒకటే: అక్కడ లీటరుకు మిల్లీమోల్స్, మన దగ్గర డెసీలీటరుకు మిల్లీగ్రాములు.

మిషన్ అంకెను 18తో గుణించండి. నోటిలెక్కకైతే 20తో గుణించి, వచ్చినదాంట్లో పదోవంతు తీసేయండి. 7.2ను 20తో గుణిస్తే 144, అందులోంచి 14 పోతే 130. మిషన్ వెనుక చిన్న కాగితం అతికించి 3.9 అంటే 70, 5.6 అంటే 100, 7 అంటే 126 అని పెద్దక్షరాల్లో రాయండి. 70 కంటే తగ్గితేనే షుగర్ పడిపోయినట్టు.

ఈ 18 గ్లూకోజ్‌కే. కొలెస్ట్రాల్‌కైతే 38.67. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మన దగ్గర శాతంలో వస్తుంది, దాన్ని 18తో గుణించొద్దు.