పశువును చూసే కన్ను – 4వ పాఠం: నాలుగు పెయ్యలు, యాభై మార్కులు

గత పాఠంలో పళ్లు చూసి వయసు చెప్పడం నేర్చుకున్నాం. ఇంటికెళ్లి ఆవు నోరు తెరిచి, పై దవడలో ముందుపళ్లు లేవేమిటని కంగారుపడ్డవాళ్లు ఆ టెన్షన్ వదిలేయండి. పశువుకు పైన ముందుపళ్లు అసలుండవు. కింది ఎనిమిదే లెక్క.

ఇప్పుడు ఆ చదువును పిల్లల్లోకి తీసుకెళ్దాం. మీ ఊరి హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పశువులను ఎంచే పోటీ జరపాలి. పాల పోటీలోనో అందాల పోటీలోనో బహుమతి పశువుకు వస్తుంది. ఇందులో పశువు ప్రశ్నపత్రం లాంటిది. దాన్ని సరిగ్గా చదివిన పిల్లలకే బహుమతి. అమెరికాలో ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బులు, వ్యవసాయం చదివే విద్యార్థుల సంఘమైన ఎఫ్‌ఎఫ్‌ఏ వాళ్లు ఏళ్ల తరబడి నడుపుతున్న పద్ధతి ఇది. ఒకే రకం పశువులు నాలుగు నిలబెడతారు, పిల్లలు మేలైనదాని నుంచి వరుస కడతారు, ఆ తర్వాత ఎందుకలా కట్టారో నోటితో చెబుతారు. వరుస కట్టడం మన సంతల్లో పెద్దవాళ్లు రోజూ చేసేదే. కారణం చెప్పమంటేనే మీసం దువ్వి ఊరుకుంటారు.

ఏ పశువులు?

మాది ప్రకాశం జిల్లా కాబట్టి నేను ఒంగోలు పెయ్యలనే తీసుకుంటాను. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో పెరిగిన పశువులకు మూలం ఈ జాతే అని చెబితే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. మీ వైపు ఒంగోలు పశువులు దొరక్కపోతే గొర్రెలతోనైనా చేయవచ్చు. నెల్లూరు గొర్రెల్లో జోడిపి, పల్ల, డోర అని మూడు రకాలున్నాయి. వాటిని ఒకే వరుసలో కలపకండి. నాలుగూ ఒకే రకానివై ఉండాలి.

కోడెలు మాత్రం వద్దు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, నిజమే. కానీ చుట్టూ నలభై మంది పిల్లలు తిరుగుతుంటే కోడెను పట్టుకున్నవాడికే చెమటలు పడతాయి. బండలాగుడు పందేల్లో పాలపళ్లు ఊడి ఎన్ని పెద్ద పళ్లు వచ్చాయో చూసి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని వయసు విభాగాలు పెడతారు కదా, అదే ఇక్కడా పాటించండి. నాలుగూ రెండు పళ్ల పెయ్యలైతే మేలు. ఒకటి పాలపళ్లది, ఇంకొకటి ఆరు పళ్లది అయితే పిల్లలు పెద్దదాన్నే పైన పెడతారు. అక్కడ చూడాల్సింది ఇంకేమీ మిగలదు.

నాలుగింటిని ఏరడమే పోటీలో సగం పని. నాలుగూ గొప్పవైతే చిన్నపిల్లలు బెంబేలెత్తుతారు. నేనైతే ఎవరు చూసినా మొదటిదనే పెయ్య ఒకటి, చివరిదని తెలిసిపోయేది ఒకటి, మధ్యలో ఏది ముందో తేల్చుకోలేని జత ఒకటి తెస్తాను. పోటీ తేలేది ఆ జత దగ్గరే.

నాలుగిళ్ల పశువులు ఒకచోట చేరతాయి కాబట్టి గాలికుంటు టీకా వేసి కనీసం మూడు వారాలైందో లేదో పశువైద్యశాలలో కనుక్కోండి. ముక్కు కారుతున్నది, కుంటుతున్నది, ఒంటిమీద గడ్డలున్నది ఎంత మంచి పెయ్య అయినా ఆ రోజుకు ఇంట్లోనే ఉండాలి.

నిలబెట్టడం

సంక్రాంతి సెలవుల్లో పొద్దున ఎనిమిది గంటలకు మొదలుపెట్టండి. మట్టినేల కావాలి. సిమెంటు మీద పశువు జారుతుంది, నడక తెలియదు. బురద ఉన్నా, గడ్డి మోకాలెత్తున ఉన్నా గిట్టలు కనబడవు. పెయ్యల మధ్య రెండు బారల ఎడం వదిలి, ఒక్కోదాని పలుపు దాని ఇంటి మనిషి చేతికే ఇవ్వండి. వెనక నిలబడి చూస్తే ఎడమవైపున ఉన్నది 1, కుడి చివరిది 4.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడాది నంబర్లను అట్టముక్కల మీద రాసి, పెయ్యల వెనక పాతిన కర్రలకు కట్టాను. సగం మంది పిల్లలు వరుస రాసే కార్డులు నింపేసరికి ఎండెక్కింది. పాపం దప్పికేస్తోందని ఒక కుర్రాడు 2, 3 నంబర్ల పెయ్యలను తొట్టి దగ్గరికి తోలుకెళ్లి నీళ్లు తాగించి తెచ్చాడు. తెచ్చి, ఒకదాని చోట ఒకటి నిలబెట్టాడు. రెండూ తెలుపే, మాలో ఎవరూ గమనించలేదు. లెక్క వేస్తుంటే ఆ తర్వాత చూసిన సగం మందికీ ఒకే తప్పు వచ్చింది. అందరికీ ఒకేలా కళ్లు పోవు కదా! అప్పుడు వెలిగింది. ఆ ఏడు బహుమతులు ఇవ్వలేదు, అందరికీ తలా ఒక పెన్ను ఇచ్చి పంపించాం. నంబరు పశువు మీదే ఉండాలి. ముగ్గును నీళ్లలో చిక్కగా కలిపి పిర్ర మీద రాస్తే తెల్లపశువు మీద కనబడదు, పసుపు కలపండి.

పిల్లలకు పన్నెండు నిమిషాలు ఇవ్వండి. ముందు దూరంగా వెనక నుంచి, తర్వాత పక్క నుంచి, తర్వాత ముందు నుంచి చూడాలి. చివర ఒక్కో పెయ్యనూ పది అడుగులు నడిపించాలి. తాకకూడదు, పక్కవాడితో మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముందు పశువు యజమానిని ‘ఏది మంచిది మామా’ అని అడగకూడదు.

న్యాయనిర్ణేత, కోతలు

పశువైద్యుడో, జాతిపశువులు పెంచిన అనుభవమున్న రైతో ఎవరైనా సరే, పిల్లలు రాకముందే తన వరుస రాసి కవరులో పెట్టి అంటించాలి. పిల్లల కార్డులు చూశాక రాసే వరుసకు విలువ లేదు. వరుసతోపాటు మూడు అంకెలు కూడా వేయాలి. పక్కపక్క జతల మధ్య తేడా ఎంతో చెప్పే ఈ అంకెలను కోతలు అందాం. తేడా కొద్దిగా ఉంటే 1 లేదా 2, కొట్టొచ్చినట్టు ఉంటే 5 లేదా 6.

ఒక లెక్క చూడండి. అసలు వరుస 3-1-4-2. కోతలు 4, 2, 6. అంటే 3కు, 1కి తేడా 4. 1కి, 4కు తేడా 2. 4కు, 2కు తేడా 6. అందరూ 50 మార్కులతో మొదలవుతారు. ఏ రెండు పెయ్యలను తారుమారు చేస్తే వాటి మధ్య ఉన్న కోతలన్నీ కలిపి తీసేయాలి.

ఒకమ్మాయి 3-4-1-2 అని రాసింది. తారుమారైంది మధ్య జత ఒక్కటే, పోయింది 2. ఆమెకు 48. ఇంకో అబ్బాయి 1-4-3-2 రాశాడు. 3 మీద 1ని పెట్టినందుకు 4 పోయాయి. 3 మీద 4ను పెట్టినందుకు 4, 2 కలిపి 6 పోయాయి. అతనికి 40. మొత్తం తిరగేసి 2-4-1-3 రాసినవాడికి కూడా 12 మిగులుతాయి. మార్కులు సున్నాకన్నా కిందికి దిగకుండా మూడు కోతల మొత్తం 15 దాటకూడదు. సరిగ్గా 15 అయితే మధ్య కోత 5 మించకూడదు.

రెండు నిమిషాల మాట

నాకు ఇష్టమైన భాగం ఇదే, దీనికి వేరే 50 మార్కులు. కాగితం చూడకుండా రెండు నిమిషాల్లో కారణాలు చెప్పాలి. ‘బాగుంది’ అన్న మాట నిషేధం. ఏది దేనికన్నా ఎక్కడ మెరుగో చెప్పాలి. మా పోటీలో ఒక తొమ్మిదో తరగతి పిల్ల చెప్పిన తీరు ఇలా ఉంది:

“మూడో నంబరును ఒకటో నంబరు ముందు పెట్టాను సార్. దీనికి వెన్ను చదునుగా ఉంది, ఛాతీ లోతు ఎక్కువ. నడిచేటప్పుడు వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకోవడం లేదు. ఒకటో నంబరుకు రాసుకుంటున్నాయి. ఒకటో నంబరుకు గంగడోలు ఇంకా నిండుగా ఉంది, అది ఒప్పుకుంటాను. అయినా కాళ్లే ముఖ్యమని దాన్ని వెనక పెట్టాను.”

వాళ్లింట్లో పశువుల్లేవు. ఆ ‘ఒప్పుకుంటాను’ దగ్గరే న్యాయనిర్ణేత తల ఊపాడు. వరుస తప్పినా, చూసింది చూసినట్టు చెప్పిన పిల్లలకు ఇక్కడ మంచి మార్కులే వేయండి. పాఠం బట్టీపట్టి, ఆ పెయ్యకు లేని మూపురాన్ని కూడా పొగిడేవాళ్లకు మొహమాటం లేకుండా కోయండి. ఒంటిమీది సుడులను బట్టి మంచీచెడూ చెప్పే మాట ఎవరో ఒక తాతయ్య ఎత్తకమానడు. ఆయనకు నమస్కారం పెట్టి వినండి, మార్కులు మాత్రం వేయకండి.

ఇక యజమానుల సంగతి. వరుస ప్రకటించేటప్పుడు నంబర్లే చదవండి, ఇంటిపేర్లు వద్దు. నలుగురికీ ఒకే రకం తువ్వాలు, ఒకే కొలత తవుడు బస్తా ఇవ్వండి. నాలుగో స్థానం వచ్చిన పెయ్య యజమాని మళ్లీ ఏడాది పశువును ఇవ్వాలి కదా.

అభ్యాసం

అసలు వరుస 2-4-1-3. కోతలు 3, 5, 2. ఒక అబ్బాయి 1-2-4-3 అని, ఇంకో అమ్మాయి 4-2-3-1 అని రాశారు. ఎవరికెన్ని మార్కులో కట్టి ఉంచండి. ఈ వారం మీ వీధిలో ఏవైనా రెండు పెయ్యలను వెనక నుంచి నడకలో చూసి, ‘బాగుంది’ అనకుండా నాలుగు వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో జవాబులతోపాటు గేదె పొదుగు చూడటం మొదలుపెడదాం.